హిజ్రీ 396 నాటి నక్షత్రం: ఇబ్నె రిజ్వాన్ సాక్ష్యం, విశ్వకిరణాల జన్మస్థానం

హిజ్రీ 396వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1006 వేసవిలో, దక్షిణాకాశాన ఒక కొత్త నక్షత్రం వెలిసింది. లిఖిత చరిత్రకు అందినంత వరకు మానవుడు చూసిన కొత్త నక్షత్రాలన్నింటిలో అదే మిక్కిలి ప్రకాశవంతమైనదని ఖగోళ చరిత్రకారుల నిర్ణయం. ఈజిప్టు, ఇరాక్, యమన్, చైనా, జపాన్, స్విట్జర్లాండ్ దేశాల లేఖకులు దానిని తమ గ్రంథాలలో నమోదు చేశారు. అది ఏమిటో వారిలో ఎవరికీ తెలియదు. తెలిసే సాధనమూ ఆనాడు లేదు. అయినప్పటికీ వారు రాసిపెట్టిన నాలుగైదు వాక్యాలు తొమ్మిదిన్నర శతాబ్దాల తరువాత భౌతిక శాస్త్రంలోని ఒక జటిలమైన ప్రశ్నకు ఆధారమయ్యాయి. అంతరిక్షం నుంచి రేయింబవళ్ళు భూమిపై కురుస్తున్న విశ్వకిరణాలకు అంతటి శక్తి ఎక్కడ లభిస్తుంది అన్నదే ఆ ప్రశ్న.

ఈ చరిత్రను చెప్పేవారు సాధారణంగా రెండు అతిశయాలలో ఏదో ఒకదానికి లోనవుతారు. ముస్లిం పండితులు వెయ్యేళ్ళ క్రితమే సూపర్‌నోవాను కనుగొన్నారని కొందరు గర్విస్తారు. జ్యోతిష గ్రంథంలోని మాటకు శాస్త్రంలో విలువేమిటని మరికొందరు తోసిపుచ్చుతారు. హదీసు విద్యలో రివాయత్, దిరాయత్ అనే విభజన ఉంది. విన్నదానిని, చూసినదానిని చెక్కుచెదరకుండా చేరవేయడం రివాయత్. దాని అర్థాన్ని, యోగ్యతను పరిశీలించి నిగ్గు తేల్చడం దిరాయత్. ఈ రెండింటినీ వేరు చేసి చూసినప్పుడే 1006 నాటి సాక్షుల అసలు ఘనత తెలుస్తుంది.

ఇబ్నె రిజ్వాన్

అలీ ఇబ్నె రిజ్వాన్ క్రీ.శ. 988లో కైరో సమీపంలోని గీజాలో ఒక పేద ఇంట జన్మించారు. తండ్రి రొట్టెల బట్టీ పనివాడు. గురువులకు రుసుము చెల్లించే స్తోమత లేక ఆయన అధిక భాగం గ్రంథాల నుంచే వైద్యం నేర్చుకున్నారు. బ్రతుకు తెరువు కోసం బాట ప్రక్కన కూర్చుని జ్యోతిషం చెప్పారు. అటువంటి వ్యక్తి కాలక్రమాన ఫాతిమీ రాజ్యంలో ప్రధాన వైద్యుని పదవికి ఎదిగారు. బాగ్దాద్ వైద్యుడు ఇబ్నె బుత్లాన్‌తో ఆయన సాగించిన వాదోపవాదాలు అరబీ వైద్య సాహిత్యంలో ప్రసిద్ధాలు.

గ్రీకు పండితుడు టాలెమీ (బత్లీమూస్) జ్యోతిష గ్రంథానికి ఇబ్నె రిజ్వాన్ ఒక వ్యాఖ్యానం రచించారు. తోకచుక్కల వంటి ఆకాశ దృశ్యాల ప్రస్తావన వచ్చినచోట, తాను విద్యారంభ దశలో కళ్ళారా చూసిన ఒక దృశ్యాన్ని అందులో వర్ణించారు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్ళు. సూర్యుడు వృషభ రాశిలో 15వ భాగలో ఉండగా, దానికి సరిగ్గా ఎదురుగా వృశ్చిక రాశిలో 15వ భాగలో ఆ దృశ్యం వెలిసిందని, అది గుండ్రంగా శుక్రునికి రెండున్నర నుంచి మూడు రెట్లు కనిపించిందని, దిక్కులను వెలిగించిందని, బాగా మిణుకుమిణుకుమన్నదని, దాని వెలుగు చంద్రుని వెలుగులో నాలుగో వంతుకు కాస్త మించి ఉందని ఆయన తెలిపారు. సూర్యుడు కన్యా రాశికి చేరిన తరువాత అది ఒక్కసారిగా కనుమరుగైందని కూడా రాశారు. అన్నింటికంటే ముఖ్యంగా, అది కనిపించిన నాటి సూర్యచంద్రుల, గ్రహాల స్థానాలను లెక్కగట్టి పొందుపరిచారు. ఆ స్థానాలన్నీ ఒకేసారి పొసిగే తేదీని ఆధునికులు గణించగా అది 1006 ఏప్రిల్ 30 అని తేలింది.

ఇదంతా రివాయత్. దిరాయత్ విషయానికి వస్తే ఆయన తన కాలపు మనిషే. ఆ దృశ్యాన్ని అపశకునంగా భావించి, తరువాత సంభవించిన యుద్ధాలను, అనావృష్టిని, ధరల పెరుగుదలను, కరవును దానికి ముడిపెట్టారు. ఈ భాగానికి నేడు శాస్త్రంలో స్థానం లేదు. కానీ తన నమ్మకానికి అనుకూలించేలా దృశ్యాన్ని మార్చి రాయాలన్న ఆలోచన ఆయనకు కలగలేదు. కొలిచినదాన్ని కొలిచినట్లే ఉంచారు.

ఆయన వాడిన రెండు మాటలు గమనించదగినవి. మొదటిది నైజక్. ఇది పారసీకం నుంచి అరబీలోకి వచ్చిన మాట. చిన్న ఈటె అని అర్థం. ఉర్దూలోని నేజా దీని సోదర పదమే. ఆకాశాన తళుక్కున మెరిసే ఉల్కలకు, తోకచుక్కలకు ఈ పేరు వాడేవారు. రెండవది అసర్. ఉర్దూలో అసర్ అంటే ప్రభావం. పాత అరబీలో దానికి జాడ, చిహ్నం అనే అర్థాలున్నాయి. హదీసు పరిభాషలో సహాబాల నుంచి అందిన ఉల్లేఖనానికి కూడా ఇదే పేరు. చంద్రమండలానికి పైన ఏ మార్పూ సంభవించదన్నది అరిస్టాటిల్ కాలం నుంచి పాతుకుపోయిన సిద్ధాంతం. కనుక కొత్తగా కనిపించిన వెలుగు చంద్రునికి దిగువన, వాయుమండలపు పై పొరలలో పుట్టినదై ఉండాలని ఆనాటి విద్యావంతులు తలచేవారు. దానిని నక్షత్రమని పిలవకుండా నైజక్, అసర్ అని పిలవడానికి కారణం ఇదే. పేరు సిద్ధాంతం నుంచి వచ్చింది. స్థానం మాత్రం కంటి నుంచి వచ్చింది.

తక్కిన సాక్షులు

బాగ్దాద్ వార్తను ఇబ్నె జౌజీ (మరణం హి. 597) తన అల్ ముంతజమ్ గ్రంథంలోను, ఇబ్నె అసీర్ (మరణం హి. 630) తన చరిత్రలోను భద్రపరిచారు. హి. 396 షాబాన్ మొదటి రాత్రి, జుమా రాత్రి, అనగా 1006 మే 2-3 తేదీల నడుమ, శుక్రుని పోలిన పెద్ద నక్షత్రం ఇరాక్ ఖిబ్లాకు ఎడమ వైపున ఉదయించిందని, దాని కిరణాలు నేలపై చంద్రకిరణాల వలె పడ్డాయని, జుల్‌ఖాదా మధ్య వరకు నిలిచిందని ఆ ఉల్లేఖనాల సారాంశం. దిక్కును ఖిబ్లాతో సూచించడం వల్ల నేటి పాఠకుడు కూడా బాగ్దాద్‌లో నిలబడి దాని వైపు వేలు చూపగలడు. ఇరాక్ నుంచి ఖిబ్లా దక్షిణ నైరుతి దిశలో ఉంటుంది. దానికి ఎడమ అంటే దక్షిణ, ఆగ్నేయ దిశలు. అల్ ముంతజమ్‌ను 1938 నుంచి సంపుటాలుగా అచ్చువేసిన సంస్థ హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ అన్నది తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన సంగతి.

రెండు యమనీ చరిత్రలలోని ఉల్లేఖనాలు 21వ శతాబ్దంలో పరిశోధకుల దృష్టికి వచ్చాయి. వాటి ప్రకారం ఆ నక్షత్రం రజబ్ నెల మధ్యలోనే, అనగా ఏప్రిల్ 17 ప్రాంతంలో కనిపించింది. యమన్ మరింత దక్షిణాన ఉన్నందున అక్కడ దక్షిణాకాశం ఎత్తుగా కనిపిస్తుంది. కితాబుష్షిఫాలో ఇబ్నె సీనా రాసిన మరొక వర్ణన కూడా ఈ నక్షత్రానిదేనని 2016లో జర్మన్ పండితులు ప్రతిపాదించారు. సుమారు మూడు నెలలు నిలిచిన ఆ తార మొదట నల్లగా, ఆకుపచ్చగా ఉండి, తరువాత నిప్పురవ్వలు చిమ్ముతున్నట్లు కనిపించి, తెల్లబడుతూ క్రమంగా క్షీణించిందని ఇబ్నె సీనా పేర్కొన్నారు. ఆయన ఇచ్చిన సంవత్సరం హి. 397. రంగుల మార్పును చెప్పిన సాక్ష్యం కావడం దాని విశేషం.

చైనాలో సోంగ్ వంశపు ఆస్థాన జ్యోతిష్కులు మే 1న దానిని నమోదు చేశారు. జౌ కెమింగ్ అనే అధికారి అది శుభసూచకమని చక్రవర్తికి నివేదించారు. కైరోలో అశుభం, చైనాలో శుభం! ఒకే వెలుగుకు రెండు భాష్యాలు. ఆకాశంలో దాని స్థానం మాత్రం ఒక్కటే. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠవాసులు దక్షిణ దిగంతపు అంచున దానిని చూశారు. అక్కడి నుంచి అది దిగంతానికి సుమారు నాలుగు డిగ్రీల ఎత్తు మాత్రమే లేవగలదు. కైరోలోనైతే సుమారు 20 డిగ్రీలు లేస్తుంది. ఈ తేడాయే దాని దక్షిణ హద్దును నిర్ణయించడానికి పనికివచ్చింది.

గ్రంథం నుంచి దూరదర్శినికి

1965లో అమెరికన్ పండితుడు బెర్నార్డ్ గోల్డ్‌స్టైన్ ఇబ్నె రిజ్వాన్ వర్ణనను అరబీ మూలం నుంచి పరిశీలించి, అరబీ, చైనీ, ఐరోపా సాక్ష్యాలను సరిపోల్చి వ్యాసం ప్రచురించారు. అది తోకచుక్క కాదని, సూపర్‌నోవా అని, అంటే ఒక తార విస్ఫోటనమని నిర్ధారించారు. ఏ వైపు వెదకాలో తెలిసింది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని పార్క్స్ వద్ద 64 మీటర్ల రేడియో దూరదర్శినితో గార్డ్‌నర్, మిల్న్ అనే శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతాన్ని పరిశీలించారు. లూపస్ (తోడేలు) నక్షత్రరాశిలో, పూర్ణచంద్రుని బింబమంత వెడల్పున, గుల్ల ఆకారంలో రేడియో తరంగాలు వెలువరిస్తున్న ఒక వస్తువును గుర్తించారు. ఇబ్నె రిజ్వాన్ చూసిన నక్షత్రపు శిథిలం అదే.

దాని దూరం సుమారు 7,000 కాంతి సంవత్సరాలు. శ్వేత కుబ్జ తార అనబడే ఒక మృత నక్షత్రం పేలిపోగా వెలువడిన వెలుగు అన్ని వేల ఏళ్ళు ప్రయాణించి 1006లో భూమిని చేరింది. గుల్ల వ్యాసం నేడు దాదాపు 60 కాంతి సంవత్సరాలు. పుట్టినరోజు తేదీతో సహా తెలుసు గనుక వేగాన్ని గణించడం సులభమైంది. వెయ్యేళ్ళలో 30 కాంతి సంవత్సరాల దూరం విస్తరించిందంటే సగటు వేగం సెకనుకు 9,000 కిలోమీటర్లు. నేడది మందగించి, అంచుల వద్ద 3,000 నుంచి 5,000 కిలోమీటర్ల మధ్య ఉంది. వయస్సు ఇంత ఖచ్చితంగా తెలిసిన శిథిలాలు బహు కొద్ది. భౌతిక శాస్త్రజ్ఞులకు ఇబ్నె రిజ్వాన్ ఇచ్చిన కానుక ఈ తేదీయే.

విశ్వకిరణాల ప్రశ్న

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్ బెలూనులో 5,000 మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్ళి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని కనుగొన్నారు. అది భూమి నుంచి గాక అంతరిక్షం నుంచి వస్తోందని దీనితో రుజువైంది. 1927లో డచ్చి శాస్త్రజ్ఞుడు జేకబ్ క్లే జావా, హాలెండుల మధ్య ఓడ ప్రయాణాలలో కొలతలు తీసి, భూమధ్యరేఖ వైపు ఈ కిరణాలు తగ్గుతున్నాయని గమనించారు. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని మళ్ళిస్తోందంటే అవి విద్యుదావేశం గల కణాలై ఉండాలి. హైదరాబాద్ ఈ విషయంలో అనువైన స్థలం. అక్కడి ఆకాశంలోకి సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు తక్కువ శక్తిగల ప్రోటాన్లు నిట్టనిలువుగా చొరబడలేవు. టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969 నుంచి బెలూన్ కేంద్రాన్ని అక్కడ నిర్వహించడం వల్ల భారతీయ విశ్వకిరణ పరిశోధనకు ఈ అనుకూలత దక్కింది.

ఈ కణాలు ఎక్కడ పుడుతున్నాయి? సూపర్‌నోవాలలో అని 1934లో బాడే, జ్విక్కీ ఊహించారు. ఊహను రుజువు చేయడానికి అడ్డుగా నిలిచింది అయస్కాంత క్షేత్రమే. తారల మధ్య ఆవరించిన క్షేత్రం భూమి క్షేత్రంలో లక్షో వంతు మాత్రమే. అయినా అది వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంది. అందులో పడిన కణం దారి వంకరలు తిరిగి, ఏ దిక్కు నుంచి బయలుదేరిందో చెప్పలేని స్థితిలో భూమిని చేరుతుంది. అది ఇస్నాద్ తెగిపోయిన రివాయత్ వంటిది: వార్త చేతికి అందుతుంది, చెప్పిందెవరో తెలియదు. కాంతి మాత్రం క్షేత్రానికి లొంగదు, సూటిగా వస్తుంది. కాబట్టి ఆ కణాలు పుట్టినచోట వెలువరించే కాంతిని పట్టుకోవడమే మార్గం.

అల్లకల్లోలం చేసే పని

కణాలకు శక్తి ఎలా చేకూరుతుందో 1949లో ఎన్రికో ఫెర్మీ వివరించారు. అంతరిక్షంలోని వాయువు ప్లాస్మా రూపంలో ఉంటుంది. అంటే దాని అణువులు చీలి విద్యుత్కణాలుగా ఉంటాయి. అటువంటి ప్లాస్మా మేఘాలు తమతో అయస్కాంత క్షేత్రాలను మోసుకుపోతాయి. ఎదురుగా దూసుకువచ్చే బ్యాటుకు తగిలిన బంతి వేగం పుంజుకున్నట్లే, ఎదురొచ్చే మేఘానికి తగిలిన కణం శక్తి పుంజుకుంటుంది. వెనుదిరిగిపోయే మేఘానికి తగిలితే కోల్పోతుంది. లాభనష్టాలు చాలావరకు చెల్లిపోగా మిగిలేది స్వల్పం. అందుచేత ఈ పద్ధతి బహు నెమ్మది.

ఈ లోపాన్ని 1977, 1978 సంవత్సరాలలో పలువురు పరిశోధకులు విడివిడిగా సవరించారు. రష్యాలో క్రిమ్‌స్కీ, ఇంగ్లండులో బెల్, అమెరికాలో బ్లాండ్‌ఫర్డ్, ఆస్ట్రైకర్ వీరిలో ముఖ్యులు. సూపర్‌నోవా నుంచి చిమ్మబడిన పదార్థం ముందున్న ప్లాస్మాను నెట్టుకుంటూ పోగా దాని ముందర ఒక ఆఘాత తరంగం ఏర్పడుతుంది. దానికి ఇరువైపులా ప్లాస్మా అల్లకల్లోలంగా ఉంటుంది. క్షేత్రరేఖలు అలలు అలలుగా మెలికలు తిరుగుతాయి. కణం ఆ అలలను తాకి వెనక్కి మళ్ళుతుంది, ఆఘాత తరంగాన్ని దాటుతుంది, అవతలి అలలను తాకి మరల ఇవతలికి వస్తుంది. ఎటు దాటినా ఎదురొచ్చే ప్లాస్మాయే ఎదురవుతుంది కనుక ప్రతి దాటులోనూ లాభమే. దాట్ల సంఖ్య పెరిగేకొద్దీ మిగిలే కణాలు తగ్గుతాయి, మిగిలినవాటి శక్తి పెరుగుతుంది. ఈ గణితం ఇచ్చే పంపిణీ, భూమిపై కొలిచిన విశ్వకిరణాల పంపిణీకి సన్నిహితంగా ఉంది.

ఇందులో మరొక చమత్కారముంది. ముందుకు ఉరికే కణాలు తామే ప్లాస్మాను కలచి అలలను పుట్టిస్తాయి. ఆ అలలే వాటిని తిరిగి బంధిస్తాయి. ఈ ప్రక్రియలో అయస్కాంత క్షేత్రం అనేక రెట్లు బలపడగలదని 2004లో బెల్ చూపించారు. అలజడి లేకపోతే కణం ఒక్కసారి దాటి శాశ్వతంగా వెళ్ళిపోయేది. పాడుచేస్తుందని తోచే అల్లకల్లోలమే ఇక్కడ కణాలను నిలిపి పెంచే పనిచేస్తోంది.

1995 తరువాత

ఇదంతా గణితం. కంటికి కనిపించే సాక్ష్యం 1995లో వచ్చింది, అదీ ఇబ్నె రిజ్వాన్ నక్షత్రం నుంచే. జపాన్ 1993లో ప్రయోగించిన ఆస్కా ఉపగ్రహంతో కొయామా, ఆయన సహచరులు ఆ శిథిలపు ఎక్స్-కిరణాలను విశ్లేషించారు. గుల్ల నడుమ నుంచి వచ్చే కిరణాలు వేడి వాయువువి. ఈశాన్య, నైరుతి అంచుల నుంచి వచ్చేవి మాత్రం అలాంటివి కావు; అయస్కాంత క్షేత్రంలో వంకరలు తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే సింక్రోట్రాన్ కాంతి అది. అంతటి కాంతిని ఇవ్వడానికి ఎలక్ట్రాన్లకు కోటి కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి శక్తి ఉండాలి. ఆఘాత తరంగం వద్ద కణాలు ఆ స్థాయికి చేరుతున్నాయని ఒక శిథిలం విషయంలో స్పష్టంగా తేలడం అదే మొదలు.

తరువాత చంద్ర ఎక్స్-కిరణ దూరదర్శిని ఆ అంచులలో సన్నని వెలుగు పోగులను చూపింది. చంద్ర అన్న పేరు తెలుగు వారికి దగ్గరివారైన తమిళ శాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది. శ్వేత కుబ్జ తార బరువుకు గల హద్దును గణించినవారు ఆయనే. పోగులు అంత సన్నగా ఉన్నాయంటే ఎలక్ట్రాన్లు కొద్ది దూరంలోనే శక్తిని వెచ్చించేస్తున్నాయని, క్షేత్రం బాగా బలపడిందని పరిశోధకులు అర్థం చేసుకున్నారు. 2010లో నమీబియాలోని హెస్ దూరదర్శినుల బృందం అవే రెండు అంచుల నుంచి అత్యధిక శక్తి గల గామా కిరణాలను ప్రకటించింది. 2021 డిసెంబరులో ప్రయోగించిన ఇక్స్‌పీ ఉపగ్రహం ఈశాన్య అంచు ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలిచింది. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం అది సుమారు 22 శాతం. క్షేత్రరేఖలు తీర్చినట్లు ఉంటే అది 70 శాతానికి పైగా ఉండేది. ఆ తరుగుదలే అల్లకల్లోలానికి కొలమానం.

ఎంతవరకు చెప్పవచ్చు

సాక్ష్యం చెప్పినంత మేరకే తీర్పు ఉండాలి. ఈ శిథిలం స్పష్టంగా చెప్పింది ఎలక్ట్రాన్ల గురించి. విశ్వకిరణాలలో ఎలక్ట్రాన్లు దాదాపు ఒక శాతం. సుమారు 90 శాతం ప్రోటాన్లు. సూపర్‌నోవా శిథిలాలు ప్రోటాన్లను కూడా వేగవంతం చేస్తాయనడానికి స్పష్టమైన గుర్తు 2013లో ఫెర్మీ ఉపగ్రహం నుంచి లభించింది. కానీ అది వేరే రెండు శిథిలాల విషయంలో. విశ్వకిరణాలలోని మరీ ఉన్నత శక్తులన్నింటికీ ఇటువంటి శిథిలాలే కారణమని 1006 నాటి నక్షత్రాన్ని ఆధారం చేసుకుని అనడానికి వీలులేదు.

అదే నియమం చరిత్రకూ వర్తిస్తుంది. ఇబ్నె రిజ్వాన్ విశ్వకిరణాలను కనుగొనలేదు. తాను చూసినది నక్షత్రమని కూడా అనలేదు. ఆయన చేసిన పని ఆకాశంలో ఒక స్థానాన్ని, ఒక కాలాన్ని నమ్మకంగా రాయడం. ఆ తరువాత పేరు తెలియని లేఖకులు ఎందరో ఆ వ్యాఖ్యానాన్ని ఒక ప్రతి నుంచి మరొక ప్రతికి ఎక్కించారు. 15వ భాగ అన్న అంకెను తమకు తోచినట్లు దిద్దినవాడొకడు మధ్యలో ఉంటే, పార్క్స్ దూరదర్శిని ఖాళీ ఆకాశంలో వెదికేది. ఆయన చెప్పిన శకునాలు కాలగర్భంలో కలిసిపోయాయి. రాశి, భాగ, గ్రహస్థానాలు నిలిచాయి.

హైదరాబాద్ నుంచి చూస్తే ఆ శిథిలపు స్థానం వేసవి రాత్రులలో దక్షిణ దిగంతానికి సుమారు 30 డిగ్రీల ఎత్తులో దాటిపోతుంది. అక్కడ కంటికి ఏమీ కనిపించదు. దాని వార్త మాత్రం ఆ నగరంలోనే అచ్చయిన అల్ ముంతజమ్ పుటలలో, హి. 396 శీర్షిక క్రింద, నేటికీ చదవడానికి దొరుకుతుంది. అరబీ ప్రతులను పరిష్కరించేవారు, అనువదించేవారు తమ పనిని ఆ పుటతో పోల్చి చూసుకోవచ్చు. అర్థం కాని అంకెను కూడా ఉన్నదున్నట్లు ఉంచితే, దానిని అర్థం చేసుకోగలిగేవారు వెయ్యేళ్ళ తరువాతనైనా రావచ్చు.